పన్ను

ఎవాసియో బొర్న్యా నలభై రెండేళ్ళు కట్టుడు పళ్ళు చేశాడు.
కసాలే ఊళ్ళో సగం నవ్వులు
అతని బల్ల మీద మైనంలో పుట్టినవే.
అన్నీ ఒక్క వరసలో పేరిస్తే ఎవరూ నమ్మరని
కింద ఎడమ కోరపన్నుని
కావాలనే కాస్త పక్కకి తిప్పేవాడు.

పని మానేసిన ఏడాది కొన్నాడు దీన్ని.
అరవై ఏడు నాటి లాంచియా ఫుల్వియా, రెండు తలుపులది,
మొంఫెర్రాతో కొండల్లో ఒక కోళ్ళ షెడ్డులో,
డ్రైవరు సీట్లో పెట్ట పొదిగి ఉండగా.
అమ్మినావిడ గుడ్లకి వేరే డబ్బు అడిగింది.
ఇచ్చాడు.

తలుపు కింది రేకు కోస్తే
తుప్పుతో పాటు దోసెడు హేజెల్‌నట్లు రాలాయి,
ఏ ఎలకో ఏ చలికాలానికో దాచుకుని
తిరిగి రానివి.
ఒకటి కొరికి చూశాడు. చేదు.
మిగిలినవి డబ్బాలో పోసి
బోల్టులకి అంటించినట్టే చీటీ అంటించాడు:
"ఎడమ వైపు, కింద."

నా భాషలో నోట్లో ఉండేదీ సర్కారుకి కట్టేదీ ఒకే మాట.
అతనికి తెలియదు, తెలిస్తే ఎంత నవ్వేవాడో.
ముప్పై దాటిన బండికి ఆ దేశంలో పన్ను లేదు.
పన్ను లేని ముసలిదానికి పళ్ళు కడుతున్నాడు.
రెండో గేరు చక్రానికి మూడు పళ్ళు అరిగి
మార్చినప్పుడల్లా
నిద్రలో పిల్లాడిలా పటపట కొరుకుతుంది.

మైనం చెక్కిన ఉలితోనే
కార్బురేటరు జెట్లలో గట్టిపడిన జిగురు గీకుతాడు.
విరిగిన స్పీడోమీటరు ముల్లుని
చిగుళ్ళకి వాడే గులాబీ ముద్దతో అతికాడు.
ఆ ముల్లుకి మొదట్లో ఇప్పుడొక చిగురుంది.

బ్రేకుల దగ్గరికి వచ్చిన రోజు మాత్రం
రేడియో ఆపేశాడు.
పాత ప్యాడ్ల మీద ధూళి, బూడిద రంగు, చాలా మెత్తన.
ఇంకో ఊళ్ళో అయితే ఉఫ్‌మని ఊదేస్తారు.
ఈ ఊళ్ళో ఎవరూ ఏ ధూళినీ ఊదరు.
సిమెంటు రేకుల ఫ్యాక్టరీ నుంచి సాయంత్రాలు
అన్న సెకోందో ఇంటికొచ్చి
చొక్కా దులిపిన వాకిలి ఇదే.
ఆ చొక్కా వదిన ఉతికేది.
ముందు వదిన. తర్వాత అన్న.
తడిగుడ్డ మెల్లగా అద్ది అద్ది
ఆ గుడ్డని రెండు సంచుల్లో మూటగట్టి
మోచేతుల దాకా కడుక్కుని
మళ్ళీ కడుక్కుని
ఆ రోజుకి షట్టరు దించేశాడు.

తూరిన్ క్లబ్బు నుంచి ఒకాయన వచ్చాడు,
లోదోవికో, చేతికి తెల్ల తొడుగులు.
చుట్టూ రెండుసార్లు తిరిగి, నీలం రంగు మెచ్చుకుని
ముందు మడ్‌గార్డు చొట్ట దగ్గర ఆగాడు.
కోళ్ళ షెడ్డులో మేక పొడిచిన చొట్ట.
"ఇదొక్కటీ తీయిస్తే మొదటి తరగతి ఇస్తాం."
ఎవాసియో బొటనవేలితో దాన్ని తడిమాడు.
"అది కోరపన్ను," అన్నాడు.
ఆయనకి అర్థం కాలేదు.
ఇతను కాఫీ పెట్టడానికి లేచాడు.

అక్టోబరు ఆదివారం, పో నది వంతెన మీద
కొత్త గేరు చక్రం ఒక్కసారి పళ్ళు నూరి
బండి ఆగిపోయింది.
కొత్త పళ్ళు కుదురుకోవాలంటే ఆరు వారాలు,
ఎంతమందికి చెప్పాడో ఈ మాట,
ఇప్పుడు తనకి తను చెప్పుకున్నాడు.
పొగమంచు. వెనక వ్యాను హారన్.
సైకిలు మీద పోతున్న పాల్మీరా
ఒక కాలు నేలకి ఆనించి పకపకా నవ్వింది,
ఎనభై ఒకటి ఆవిడకి.
ఇతను బండి మాట మర్చిపోయి
కిటికీలోంచి మెడ చాచి ఆ నోట్లోకి చూశాడు.
కొంచెం వదులైంది.
"మంగళవారం రా, సరిచేస్తాను."
దిగి తోయడం మొదలుపెట్టాడు.
ఆవిడ సైకిలు రెయిలింగుకి ఆనించి
కొంగు లేని నడుముకి కోటు బిగించి
వెనక నుంచి ఒక చెయ్యేసింది,
ఇంకా నవ్వుతూనే.