చిన్న గుండీ

లూడెన్‌షైడ్‌లో మా వీధికి వాన ఎక్కువ,
పని అంతకన్నా ఎక్కువ.
పన్నెండేళ్లు గుండీలు కొట్టాను నేను.
కాలితో తొక్కితే అచ్చు దిగుతుంది,
ఇత్తడి రేకు మీద గద్ద లేస్తుంది,
రెక్కలు విప్పుకుని, ఎక్కడికీ ఎగరకుండా.

చిన్నది గెఫ్రైటర్‌కి, పెద్దది సార్జెంటుకి.
రెంటికీ తేడా బార్లీ గింజంత.
ఆ గింజ మొలవడానికి
కొందరికి ఆరేళ్లు పట్టేదట బ్యారక్‌లలో.

మా లాంబర్ట్ మొదటి సెలవుకొచ్చినప్పుడు
కాలరుకి ఏమీ లేదు. మస్కెటీర్. ఉత్త మెడ.
కాఫీ తాగుతూ మెట్లన్నీ అమ్మకి అప్పజెప్పాడు.
బళ్లో ఎక్కాలు కూడా అంత బాగా చెప్పలేదు వాడు:
గెఫ్రైటర్,
ఆపైన మెడచుట్టూ జరీపట్టీ వేసుకున్న ఉంటర్‌ఒఫిత్సీర్,
సార్జెంటు, ఇంకా పైన ఫెల్ట్‌వేబెల్.
"ఫెల్ట్‌వేబెలంటే కంపెనీకి తల్లి అమ్మా,
రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య
లావుపాటి పుస్తకం దోపుకుంటాడు,
మా తప్పులన్నీ అందులోనే."
అమ్మ చెంచా కింద పెట్టింది.
"తల్లయితే తప్పులు రాసుకుంటుందా?" అంది.

లెఫ్టినెంటు గురించి గొంతు తగ్గించి చెప్పాడు,
వంటింట్లో ఉన్నది మేం ముగ్గురమే అయినా.
పంతొమ్మిదేళ్లవాడు,
భుజమ్మీద నక్షత్రం ఒక్కటీ లేదు,
అవి ఇంకా పైకెక్కితే వస్తాయట.
అయినా ఇరవయ్యేళ్ల సర్వీసున్న మీసాల తల్లి
వాడి ముందు మడమలు కొట్టి నిలబడుతుంది.
అది చేసి చూపిస్తుంటే నవ్వలేక చచ్చాం.

పద్నాలుగు ఆగస్టులో
గుండీలకి రాత్రి షిఫ్టు వచ్చింది.
కొన్నాళ్లకి ఇత్తడి మీద బూడిద రంగు పూయమన్నారు.
మెరిస్తే అవతలివాడు గురిపెడతాడట.

ఫిబ్రవరిలో కార్డు రాశాడు:
"గుండీ ఇచ్చారు. అమ్మకి చెప్పు.
నా ముందు వరసవాడు పోయాడు కాబట్టి ఇచ్చారు,
అది చెప్పకు."
చెప్పలేదు.

ఏప్రిల్లో ఫెల్ట్‌వేబెల్ రాశాడు.
చక్కటి దస్తూరి.
వాడి పేరుకి ముందు గెఫ్రైటర్ అన్న మాట,
పేరు కంటే పెద్ద అక్షరాల్లో.
పొట్లంలో చాకు, పైపు, ఒక గుండీ.
రెండోది లేదు.

నా అచ్చుకి ఎడమ రెక్క కొసన సన్నటి గాటుంది.
ఫోర్‌మన్ ష్నీవింట్‌కి తెలిస్తే జీతం కోస్తాడని
ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.
గుండీని దీపం దగ్గరికి తీసుకెళ్లాను.
బురద గీకి, గోటితో తడిమాను.
గాటు లేదు.
నాది కాదు.
ఇంకెవతో తొక్కింది, ఇంకో ఊళ్లో,
ఆమెకి తమ్ముడున్నాడో లేడో.

"చిన్నదా, పెద్దదా?" అనడిగింది అమ్మ.
కళ్లు ఆనవు ఆవిడకి.
"చిన్నదే" అన్నాను.
అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను.

తెల్లారి షిఫ్టులో పెద్దవి కొట్టమన్నారు.
ఆరు పెట్టెలు.