చివరిసారి మాట్లాడిన తేదీ

మూడు నెలలకోసారి ఫోన్ చేస్తాను.
ఎలా ఉన్నారని అడుగుతాను గానీ
నాకు కావలసింది ఉన్నారా అన్నదే.
ఉంటే సున్నా. లేకపోతే ఒకటి.
పోవడాన్ని మా పట్టికలో 'సంఘటన' అంటారు.
చేరిన కొత్తలో ఆ గడి నింపడానికి వేళ్లు మొరాయించేవి.
తర్వాత అలవాటైంది,
పెరంబూరులో కాపురం పెట్టినవాళ్లకి
రైళ్ల చప్పుడు అలవాటైనట్టు.

మస్తానయ్య. యాభై ఎనిమిది. తండయార్‌పేట.
తక్కెళ్లు, కాటాలు బాగుచేసే పని.
శివరాత్రి ముందురోజు ఎడమ మూత్రపిండం తీసేశారు,
అప్పటికే ఊపిరితిత్తుల్లో మచ్చలు.
హిమోగ్లోబిన్ తక్కువ.
కాల్షియం ఎక్కువ.
ప్లేట్‌లెట్లు హద్దు దాటి చాలా దూరం నడిచాయి.
గుర్తులన్నీ కూడి మా లెక్క ఒక మాట చెప్పింది,
నేను ఆయనకు చెప్పకూడని మాట.

రక్తం ఇస్తూ ఆయనే అడిగాడు:
"ఏమ్మే, ఈ మిషనుకు ఈ యేడు ముద్ర పడిందా?"
నవ్వాను. ఆయన నవ్వలేదు.
"ముద్ర లేని కాటా మీద
ఎండు మిరపకాయలు తూచినా జరిమానా కట్టాల.
మీరు నా ఆయుస్సు తూస్తా ఉండారు గదా."
లోపలికెళ్లి చూసొచ్చాను.
మిషను పక్కన చీటీ ఉంది, తనిఖీ తేదీతో సహా.
చెప్తే తల ఊపాడు,
ఒక అంగడివాడు ఇంకో అంగడివాణ్ణి ఒప్పుకున్నట్టు.

మొదటి ఫోను:
"ఉండాన్లేమ్మే. అన్నం సయించదు, చారు దిగతా ఉంది."
రెండోది: వెనక సుత్తి చప్పుడు.
"కొత్వాల్ చావిడి పప్పులంగడోళ్ల కాటా. రేపటికి ఇయ్యాల."
మూడోది: వాన.
"అంగట్లోకి నీళ్లొచ్చినాయి, మళ్లీ చెయ్యి."
మా లెక్క గీసిన నడిమి గీత
అప్పటికి ఆయన వెనక నెల దూరంలో ఉంది.
లెక్క తప్పని కాదు.
సగంమంది ఆ గీత దాటతారని అదే చెప్పింది,
ఎవరెవరన్నది దానికి తెలీదు.

మళ్లీ చేయలేదు నేను. వంతు వచ్చేదాకా.

నాలుగోసారి ఎవరో కుర్రాడు, తమిళంలో.
ఈ సిమ్ము పోయిన వారమే కొన్నాడట, రెడ్‌హిల్స్‌లో.
ఆదివారం తండయార్‌పేట వెళ్లాను, అది నా డ్యూటీ కాదు.
ఆ షట్టరు కింద ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి.
పక్కనున్న పూలామె "ఊరికి పోయాడు" అంది.
ఏ ఊరికి?
మూర కొలుస్తూ చెయ్యి ఆపకుండా
ఉత్తరం వైపు గడ్డం ఎత్తి చూపించింది.

సున్నా వేయలేను. ఒకటీ వేయలేను.
చివరిసారి మాట్లాడిన తేదీ వేసి ఊరుకోవాలి, అది నియమం.

ఎండాకాలం సమావేశంలో డాక్టరమ్మ గ్రాఫు తెర మీద వేసింది.
మెట్లు మెట్లుగా దిగుతోంది.
మెట్టుకొక సంఘటన.
మెట్లకు మధ్య చదునుగా ఉన్నచోట
అక్కడక్కడా చిన్న నిలువు గీతలు.
వాటి గురించి ఎవరూ అడగలేదు.
తొమ్మిదో నెల దగ్గర ఒకటుంది,
దానికి వాన చప్పుడుంది.

నా బల్ల మీద, ఫ్యాను గాలికి లేచే కాగితాల మీద
ఎప్పుడో ఆయన పెట్టిపోయిన రెండొందల గ్రాముల రాయి.
అడుగున సీసం మీద ముద్ర ఉంది.
ఏ యేడు వేసిందో మాత్రం
ఎంత వెలుతురులో పెట్టినా చదవడానికి రావడం లేదు.