ఓదెలు ఫ్రిజ్‌లో రెండో అర

నర్సంపేటలో మా బడి గేటుకు ఎదురుంగ
ఓదెలు కూల్‌డ్రింకుల దుకాణం.
ఫ్రిజ్‌లో రెండో అర, మామిడి రసం సీసాల వెనుక
పాత సబ్బుపెట్టెలో చిన్న ఇన్సులిన్ బుడ్డి.
మూత మీద స్కెచ్ పెన్నుతో
"సింధూజ, ఎనిమిది బి. ముట్టద్దు."
కరెంటు పోతే తడిగుడ్డ చుట్టి కూజాలో దించుతాడు.
కిరాయి ఎంత అంటే నవ్వుతాడు,
"సోడాబుడ్డి జాగ గూడ వట్టది సారూ."

మా బడిలో ఫ్రిజ్ లేదు.
ఫారం ఉంది.
ప్రతి జూన్‌లో వస్తుంది, గులాబీ కాగితం,
ఎత్తు, బరువు, చూపు, పన్ను,
"ఇతర వ్యాధులు" దగ్గర
రెండంగుళాల చుక్కల గీత.

తండా నుంచి వాళ్ళమ్మ మంగ్లీ వచ్చింది,
పత్తి గింజలు పెట్టే చేను మీంచి నేరుగా,
వేళ్ళకు ఇంకా విత్తనాల మందు రంగు.
"పొద్దుగాల ఒక సూది, బువ్వకు ముందల ఒకటి.
సూది వడ్డంక బువ్వ ఆలస్యం గావద్దు.
చెమట వట్టినా, మాట ముద్దయినా
అది నిద్ర గాదు సారూ.
జేబుల చాక్లెట్ ఉంటది, గుంజుకోకుండ్రి."
నేను రాశాను: మధుమేహం.
గీత సరిపోయింది.
ఆ రోజు నూట పన్నెండు ఫారాలు.
బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆగస్టు. మూడు రోజుల ముసురు.
కట్టెలు నాని, వంట కొమురమ్మ పొయ్యి ఊదుతూనే ఉంది.
ఒంటిగంట దాటినా బువ్వ గంట కొట్టలేదు.
దుకాణం వెనుక ఆ పిల్ల తనే సూది వేసుకొని వచ్చిందని
నాకు తర్వాత తెలిసింది.
నేను భిన్నాలు చెబుతున్నాను.
మూడో బెంచీలో కాగితం చప్పుడు.
"క్లాసుల తిండేంది?"
చాక్లెట్ లాక్కొని టేబుల్ మీద పెట్టాను,
సుద్దముక్కల పక్కన.
ఆమె మారు మాట్లాడలేదు.
పొగరనుకున్నాను.

పక్కన కూర్చునే షాహీన్
ఆమె నోటుబుక్కు చూసింది.
అంకెలు గీత దిగి జారుతున్నాయి,
వానకు తడిసిన చీమల బారులాగ.
షాహీన్ నన్ను అడగలేదు.
నా ముందునుంచే నడిచొచ్చి చాక్లెట్ తీసి
ఆమె నోట్లో పెట్టి
కిటికీ ఊచలు పట్టుకొని ఒక్క కేక:
"ఓదెలన్నా!"

చెప్పులు లేకుండా గోడ దూకాడు ఓదెలు,
మామిడి రసం సీసా మూత పళ్ళతో తిప్పుతూ.
"మింగు బిడ్డా. ఆఁ, ఇంకింత. ఇంకింత."
సీసా మీద చల్లటి చెమట,
పిల్ల నుదుటి మీదా అదే.

రెండూ ఆ ఒక్క అరలోవే.
నెత్తురులో చక్కెరను దించేది,
మళ్ళీ పైకి లేపేది.
వాటి మధ్య జానెడు జాగ.
ఆ జానెడులో అడ్డంగా నేను,
ఎమ్మెస్సీ, బీఈడీ, ఇరవై ఏళ్ళ సర్వీసు.

పావుగంటకు కళ్ళు తేటపడి
నోటుబుక్కు దగ్గరికి లాక్కొని అడిగింది,
"సార్, నా లెక్క తప్పయిందా?"
తప్పు నాది అనాల్సింది.
నలభై మంది చూస్తున్నారు.
"మళ్ళొకసారి చెయ్యి" అన్నాను.

సాయంత్రం బీరువా తెరిచి
ఆ గులాబీ కాగితం వెనక్కి తిప్పి
మంగ్లీ చెప్పింది చెప్పినట్టు రాశాను.
"అది నిద్ర గాదు" దగ్గర
పెన్ను కాగితంలోకి దిగింది.
కొమురమ్మకు చదవరాదు, చదివి వినిపించాను.
"గింతేనా? పొద్దుగాలనే చెప్తే అయిపోవు గద.
ఇగ ఆ పిల్ల బువ్వ అందరికంటె ముందుగాల తీస్త" అంది.

ఫ్రిజ్ కోసం అర్జీ పెట్టాం.
ఇంకొక ఫారం వచ్చింది.

ఇప్పుడు ఎనిమిది బిలో అడుగుపెట్టగానే
నా చూపు మూడో బెంచీ మీదికి పోతుంది,
అంకెలు గీత మీద నిలబడి ఉన్నాయా అని.
అక్కడ నాకంటే ముందే
షాహీన్ చూస్తూ ఉంటుంది,
ఒకసారి నోటుబుక్కును,
ఒకసారి నా చేతులను.