ఎవరు?

గ్డీనియాలో అక్టోబరు వాన అడ్డంగా కురుస్తుంది,
సముద్రం లేచి నిలబడి ఊరిమీదికి ఉమ్మినట్టు.
ట్రాలీబస్సు దిగి, నాలుగో అంతస్తు చేరి
మామూలుగా అయితే
నా జేబులోని తాళంచెవితో నేనే తలుపు తీస్తాను.

మా కాగితాల్లో దీని పేరు అభ్యాసపు ఇల్లు.
ఆరు నెలలు ఇక్కడ ఒంటరిగా ఉండటం నేర్చుకోవాలి.
వంటగట్టు చక్రాల కుర్చీకి అందేంత పొట్టిది,
దాని ముందు వంగి వంగి నా నడుము పోయింది.
జెమోవిత్ అది చూసి నవ్వుతాడు:
"ఇప్పుడు... తెలిసిందా... ఎత్తు... ఎవరి లెక్కో?"
అతని మాట ఒక్కో మెట్టే ఎక్కి వస్తుంది.
మధ్యలో అందుకుని పూర్తి చెయ్యకూడదు.
అది నాకు నేర్పడానికి
అతనికి రెండు నెలలు పట్టింది.

ఇరవై రెండేళ్ళు. ఎడమ చెయ్యి అతని మాట వింటుంది,
కుడిదాని ఇష్టం కుడిదానిది.
బళ్ళో ఉన్నన్నాళ్ళూ డాక్టర్లు, బొమ్మలు, బెలూన్లు.
బడి అయిపోయిన మర్నాటి నుంచి
ఫోను మోగడం మానేసింది.
పసివాడుగా ఉన్నంతసేపే ముద్దు లోకానికి.

నా నోటుపుస్తకంలో మూడు గడులు:
చేయించి, చెప్పి, తానే.
బంగాళాదుంప చెక్కు తీయడం: చెప్పి.
(మేకులు మొలిచిన పీటకు గుచ్చి
ఒంటిచేత్తో తిప్పుతూ తీస్తాడు.)
కరెంటు బిల్లు చదవడం: చెప్పి.
రాత్రి కుర్చీలోంచి మంచమ్మీదికి:
చేయించి, చేయించి, చేయించి,
జులైలో ఓ రాత్రి, తానే.
ఆ ఒక్క మాటా ఎంత ఒత్తి రాశానో
కాగితం చిరిగింది.

వాళ్ళమ్మ హాల్ష్కా రోజూ ఏడింటికి ఫోను చేస్తుంది,
అతనికి కాదు, నాకు.
తిన్నాడా? మేజోళ్ళు తడిగా లేవు కదా?
రాత్రికి మూడుసార్లు లేచి
అతన్ని అటునుంచి ఇటు ఒత్తిగిలించిన చేతులు
ఇప్పుడు ఊరికే మేలుకుంటున్నాయట.
ఆ చేతులకు అభ్యాసపు ఇల్లు
మా ఊళ్ళో ఎక్కడా లేదు.

"తన కాళ్ళమీద తాను నిలబడాలి కదండీ"
అన్నాడు అద్దె ఒప్పందం రాసే గుమాస్తా,
అతనితో కాదు, నాతో.
జెమోవిత్ తీరిగ్గా సమాధానం చెప్పాడు:
"నాకు... చక్రాలు... నాలుగు. నీకు?"

ఇవాళ్టి సంగతి చెప్పాలి.
మెట్ల దగ్గరే మాడు వాసన, బీట్‌రూట్ పులుసు.
తాళంచెవి తిరిగింది. తలుపు కదల్లేదు.
లోపల గొళ్ళెం.
పోయిన వారం అతని చేతికి అందేట్టు
కింద బిగింపించింది నేనే.
గంట నొక్కాను. ఈ ఇంటి గంట ఎలా మోగుతుందో
వినడం ఇదే మొదలు.

లోపల ఏదో పడింది. ఎవరో నవ్వారు, ఆడగొంతు.
లాండ్రీలో అతని పక్కన దుప్పట్లు మడిచే బొగ్నా అయ్యుండాలి.
చక్రాలు తలుపుదాకా వచ్చాయి.
"ఎవరు?"
ఎవర్నని చెప్పను?
ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నతో పనే పడలేదు మాకు.
"ఇర్మీనాని" అన్నాను, బ్యాంకు కిటికీ దగ్గర చెప్పినట్టు.
మాట మెట్లెక్కుతోంది. ఆగాను.
"ఇవాళ... కుదరదు. రేపు... ఫోన్ చేసి... రా."

పొయ్యి కట్టేశావా, కిటికీ తెరువు, మందు వేసుకున్నావా...
నా నాలుక చివర హాల్ష్కా కూర్చుంది.
మింగేశాను.

మెట్టుమీద కూలబడి పుస్తకం తీశాను.
తలుపు తీయడం: తానే, ఎప్పుడో ఆగస్టులో రాసి ఉంది.
తీయకపోవడానికి గడి లేదు.
మార్జిన్లో రాశాను.
తడిచేతికి సిరా అలుక్కుపోయింది.

ఏడయింది.
"తిన్నాడా?"
"తెలీదు హాల్ష్కా. తలుపు తియ్యలేదు."
అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత ముక్కు చీదుకుని ఆవిడ అడిగింది,
"గట్టిగానే చెప్పాడా?"

దిగేటప్పుడు తాళంచెవి
అతని పేరున్న ఉత్తరాల పెట్టెలో జారవిడిచాను.
అడుగున ఖంగుమంది.
బయట వాన ఇంకా అడ్డంగానే ఉంది.