మీటరు తిరగాలి

స్లీమాలో, రేవుకి ఎదురు మేడ.
నాలుగో అంతస్తు, పద్నాలుగో నంబరు ఫ్లాటు.
తలుపు మీద పేరు లేదు.
నీళ్ళ మీటరు పోయిన మార్చిలో ఎక్కడుందో
ఈ మార్చిలోనూ అక్కడే.
పాడయిందేమోనని దుమ్ము తుడిచి, వేలితో తట్టి చూశాను.
పాడవలేదు.
ఇంట్లో మనుషుల్లేరు, అంతే.

కాగితాల్లో ఉన్నారు. నలుగురు.
ఇక్కడే వండుకుని, ఇక్కడే పడుకుని,
మాల్టా గాలి లేనిదే బతకలేనంతగా అలవాటు పడిపోయారట,
సంతకాలున్నాయి.
వాళ్ళ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో
అడగాల్సినవాళ్ళు అడగలేదు.

నేను అడిగాను, మీటరు గురించి.
వారం తిరక్కుండా వకీలు గారి గుమాస్తా వచ్చాడు,
మా అక్క కొడుకుతో చదువుకున్నవాడే.
"నజ్జారెనో మామా, ఇకనించి తిరుగుతుందిలే"
అని నా చెయ్యి తడిపాడు.
నేను నీళ్ళు నమిలాను.
ఆ డబ్బుతో జూజాకి పళ్ళు కట్టించాను.
నవ్వితే బాగుంటుంది.
నేనే, అటు చూడను.

ఇప్పుడు మంగళవారం మంగళవారం తెస్ఫాలెమ్ వస్తాడు.
తాళం తీసి కుళాయిలన్నీ విప్పేసి
మూడు గంటలు కూర్చుంటాడు,
ప్లాస్టిక్ కవరు విప్పని సోఫాలో కాదు, కింద, నేల మీద.

నది లేని దీవి మాది.
సముద్రంలోంచి ఉప్పు విరిచి తాగుతాం.
కూరలు కడిగిన నీళ్ళతోనే
మా అమ్మ మెట్లు తుడిచేది.
మెట్ల మీద నిలబడితే వినిపిస్తుంది,
నాలుగు గదుల్లో ఎవరికీ కాకుండా పోతున్న చప్పుడు.

తెస్ఫాలెమ్ పడవలో వచ్చి పదకొండేళ్ళు.
మంచినీళ్ళు అయిపోయిన నాలుగో రోజు గురించి
ఒకేసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు.
ఏటా కార్డు పొడిగించుకుంటాడు.
ఇక్కడి పౌరుడు కావడం మీద
ఎప్పుడో నీళ్ళొదులుకున్నాడు.

నిన్న నేను వెళ్ళేసరికి అతని తల తడిగా ఉంది.
"ఊరికే పోతున్నాయి కదా,
స్నానం చేశాను" అన్నాడు,
దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.
ఫర్వాలేదన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

పుస్తకం తీశాను.
పోయిన నెల కంటే పద్దెనిమిది యూనిట్లు ఎక్కువ.
అందులో ఒక్క బకెట్టు మాత్రం
నిజంగా ఒక మనిషి పోసుకున్నది.
దాన్ని విడిగా రాయడానికి
మా ఫారంలో గడి లేదు.