ఉప్పు సరిపోయిందా

తెల్లారకముందే బొగ్గులు రాజేస్తాను.
ఇసుకలో రేకు కుంపటి,
నడుముకు చుట్టుకున్న చిటెంజె కొసతో విసురుతుంటే
ముందు పొగ, తర్వాత ఎరుపు.
సరస్సు ఇంకా మసిబట్టిన మూకుడులా ఉంటుంది.
పడవల లాంతర్లు ఒక్కొక్కటీ ఆరిపోతూ
న్‌ఖొటాకొటా ఒడ్డు చేరతాయి.

ఈ వాసనలోనే పుట్టి పెరిగాను.
అయినా పోయిన డిసెంబరు నుంచి
బొగ్గు రాజుకున్నప్పుడల్లా
కడుపులో ఏదో గరుగ్గా తిరుగుతుంది.

వల వేయకూడని నెల అది.
పిండి డబ్బాకు అడుగు కనిపించింది,
మా ఆయన లాక్సన్ వేశాడు.
వల ఆయనదీ తమ్ముడిదీ, చెరి సగం.
దొరికింది ఆయనొక్కడే.

ఠాణా పెరట్లో వాన వెలిసిన రాత్రి
పోలీసులు కుంపటి మీద కంకులు కాల్చుకుంటున్నారు.
మా మరిది కూడా అక్కడే,
తడిసిన చేతులు చాచి కాచుకుంటూ.
"ఈ వలలో నీకూ వాటా ఉందటగా?"
"ఏ వల?"
"నువ్వూ పోయావా వాడితో?"
"నేను పడవెక్కి నెల దాటింది."
కటకటాల వెనక నుంచి లాక్సన్ చూశాడు.
గేటు దగ్గర అన్నం మూట పట్టుకుని నేను చూశాను.
కోడి కూయలేదు. అలాంటివేం జరగలేదు.
కుక్క ఒకటొచ్చి సగం కొరికిన కంకి ఎత్తుకుపోయింది.

మరిది పేరు ఫనిజో.
మా భాషలో ఉపమానమని అర్థం.
వాళ్ళమ్మ ఏ ఆదివారం ఏం విని పెట్టిందో,
విప్పి చెప్పకుండానే పోయింది.

మొన్న స్త్రీల కూటంలో
పెద్దావిడ న్యాంజఘా ఆ తెల్లవారు ఘట్టం చదివింది:
రాత్రంతా ఖాళీ వల, ఒడ్డున ఆయన,
నిప్పుల మీద అప్పటికే చేప.
నేను చెయ్యెత్తి అడిగాను,
ఆ చేపను తోమిందెవరమ్మా అని.
అందరూ నవ్వారు.
నేను నవ్వులాటకు అడగలేదు.
చేతుల్లో మేకుల గాయాలున్నవాడు
పొలుసు గీకి, ఉప్పు రాస్తే
మండదా?

ఇంకొకటి అడగకుండా ఇంటికి తెచ్చుకున్నాను.
ఒడ్డున ఎండుకట్టెలకేం కరువు?
బొగ్గులే ఎందుకు?
పేతురు ఎరగనని బొంకింది బొగ్గుల మంట దగ్గరే కదా.
అదే వాసన ముక్కుకు తగిలి
పడవలోంచి దూకి ఈదుకొచ్చినవాడి కాళ్ళు
ఇసుకలో ఒక్క క్షణం ఆగే ఉంటాయి.

ఈ రాత్రంతా మ్వేరా గాలి.
ఎవరికీ ఏమీ పడలేదు.
ఫనిజో వచ్చాడు, నా కుంపటికి అవతల కూర్చున్నాడు.
చేతులు చాచాడు.
అవే చేతులు.

ఆయన ఓర్పు నాకు లేదు, ఒప్పుకుంటాను.
పక్కనే బకెట్టు నిండా నీళ్ళున్నాయి,
దాని వైపు చూశాను కూడా.
తర్వాత నిన్నటి చంబో చేప ఒకటి మిగిలితే
నిప్పుల మీద వేశాను.
ఎందుకో తెలియదు. చెయ్యి వేసింది.

ఆకులో పెట్టిచ్చాను.
"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.
"ఆఁ."
కాసేపాగి, "ఉప్పు సరిపోయిందా?"
"సరిపోయింది వదినా."
మూడోసారి ఎందుకడిగానో,
గొంతు నాది కానట్టుగా వచ్చింది.
నములుతున్నవాడు ఆగిపోయాడు.
తల వంచాడు. పొగ కళ్ళలో పడిందనుకుంటాను,
పొగ అటు వీయకపోయినా.
"నీకు తెలుసు కదా వదినా," అన్నాడు,
"అంతా తెలుసు."

అప్పగించడానికి నాకు గొర్రెపిల్లలు లేవు.
పడవలో వల ఉంది.
"జైల్లో రాళ్ళు కొట్టి
మీ అన్న బొటనవేలు వంగడం లేదు, సూది పట్టలేడు.
ఎడమ మూల నాలుగు కళ్ళు తెగాయి.
తిని, వెళ్ళి కుట్టు," అన్నాను.

లేచాడు. డబ్బు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.
అక్కడ లాక్సన్ ఏమన్నాడో
గాలికి నా దాకా రాలేదు.
చాలాసేపటికి చూస్తే, వలకు ఈ కొస ఒకరు,
ఆ కొస ఒకరు. మధ్యలో మాట లేదు.

పొద్దెక్కింది, బేరాలు మొదలయ్యాయి.
పొలుసు గీరుకుపోయిన వేలి మీద
ఉప్పు ఇంకా మండుతూనే ఉంది.