జిల

మోచేతి మడతలో మొదలైంది,
రాగి పైసంత.
చీమ కుట్టిందనుకుంది అమ్మ.
వానాకాలం వెళ్ళేలోపు మోకాళ్ళ వెనక్కి పాకి
రాత్రిళ్ళు నన్ను లేపి కూర్చోబెట్టి గీకించింది.
తామర కాదన్నారు, గజ్జి కాదన్నారు.
పేరు తెలీని దానికి కాశీబుగ్గలో మా పేటంతా మందు చెప్పింది.

ముందు కానుగ నూనె.
ఆరిపోయిన దీపం వాసనతో బడికెళ్ళాను.
తర్వాత రేలాకు, పుల్లమజ్జిగలో నూరి.
ఎండితే పెచ్చు, పెచ్చు ఊడితే నెత్తురు.
సంతలో కొన్న గంధకం
కొబ్బరినూనెలో కరగనని మొండికేసింది.
వెన్నని ఇత్తడి పళ్ళెంలో నూరుసార్లు కడగమన్నారు.
అరవై దాకా లెక్కపెట్టి అప్ప నిద్రపోయింది,
మిగిలిన నలభై పిల్లి నాకేసింది.

మందసలో ఒకాయన సున్నంతో చుట్టూ గీత గీసి
ఇది దాటి రాదన్నాడు.
దానికి చదువు రాదు. దాటింది.

పత్యం వేరే.
వంకాయొద్దు, గోంగూరొద్దు, నెత్తళ్ళు అస్సలొద్దు.
పక్కింట్లో నెత్తళ్ళు వేగుతుంటే
ముక్కుకి పత్యం చెప్పినవాళ్ళు లేరు.

కంపౌండర్ మహంతి దూది చివర ఊదా మందు ముంచి పూశాడు.
బళ్ళో నా పేరు నేరేడుపండయింది.
మరుసటి నెల నల్లటి పూత, రోడ్డేస్తున్న వాసన.
అది దుప్పటికంటింది, దుప్పటి నాకంటింది.

అప్పుడొచ్చాడు గ్యాంగ్‌మాన్ కూర్మారావు,
సీసాలో జీడిరసం పట్టుకుని.
"ముల్లుని ముల్లే తీస్తాది బాబూ, ఒక్క సుక్క సాలు."
మా దమయంతప్ప పిక్కలు కొట్టి అప్పుడే ఇంటికొచ్చింది.
ఏమీ అనలేదు. రెండు అరచేతులూ తిప్పి
అతని మొహం ముందు పెట్టింది.
వేళ్ళ కొసలు నల్లగా, తోలు లేచి,
గీతలన్నీ అరిగిపోయి.
కూలి పుస్తకంలో ఆమె వేలిముద్ర
వట్టి మచ్చలా పడేది.
కూర్మారావు సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయాడు.

ఆ చేతులకి పేటలో ఎవరూ మందు చెప్పలేదు.
నాకు నూనె రాయాలంటే వేళ్ళతో రాసేది కాదు,
మణికట్టు లోపలివైపుతో.
అక్కడొక్కచోటే మెత్తగా ఉండేది.

ఆదివారం కాదు, పనిరోజే. కూలి వదులుకుని
పాసింజరులో బరంపురం తీసుకెళ్ళింది.
పెద్దాసుపత్రిలో కళ్ళజోడు డాక్టరు
నా చెయ్యి కిటికీ వెలుగులోకి తిప్పి చూసి
అప్పతో అన్నాడు:
జిబొ, పుణి ఆసిబొ.
తాళంలా మూడు ముక్కలు. నా చెవికంటుకుపోయాయి.

"ఏటన్నాడప్పా?"
"ఆర్నెల్లలో పోతాదన్నాడు. నువ్వు గీక్కోకపోతే."
సోంపేట దాటాక వేరుశనగలు కొనిపెట్టింది.
పత్యమని గుర్తు చెయ్యలేదు.

ఆర్నెల్లు.
రాత్రి నా మణికట్లకి పాత వోణీ గుడ్డ చుట్టి
రెండో కొస తన వేలికి కట్టుకుని పడుకునేది.
నేను కదిలితే తను లేచేది.
తెల్లారి మళ్ళీ పిక్కలకి.
తగ్గింది. నిజంగానే తగ్గింది.
ఏడో నెల సంగతి అప్పకి చెప్పలేదు,
నిండు చేతుల చొక్కా కుట్టించమన్నాను.

ఇప్పుడు ఇచ్ఛాపురంలో బట్టల కొట్లో గుమాస్తాని.
ఒడియా నోట్లో వక్కలా నానింది.
మొన్న కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోతే
చీకట్లో చీరలు చూస్తున్న ఒకావిడ
విసుగూ లేకుండా అంది:
జిబొ, పుణి ఆసిబొ.

మీటరు కర్ర చేతిలో అలాగే నిలబడిపోయాను.

పోతుంది, మళ్ళీ వస్తుంది.

వెళ్ళినప్పుడల్లా అప్ప నా చొక్కా చేతులు పైకి మడిచి
మడతలో ఊది చూస్తుంది, పొయ్యి చూసినట్టు.
ఈమధ్య చూపానట్లేదు ఆమెకి.
"పోయింది కదరా?"
"పోయిందప్పా"
అంటాను, అక్కడే జిల పుడుతుంటే
గోళ్ళు అరచేతిలోకి ముడుచుకుని.